గడియారం లెక్కించేది బ్యాటన్‌నే

సభకు నమస్కారం. అంతర్జాతీయ రిలే పరుగుల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, ఏ ఏడాది ఏ దేశం గెలిచిందో వరుసగా చదివి కూర్చోకూడదని ముందే నిర్ణయించుకున్నాను. ఆ జాబితా మీ ఫోన్లలోనే దొరుకుతుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే సంగతి. రిలేలో పరుగెత్తేది నలుగురు మనుషులే అయినా, గడియారం లెక్కించేది మాత్రం వారి చేతుల మీదుగా సాగిపోయే చిన్న గొట్టాన్ని, అంటే బ్యాటన్‌ని. మహావేగవంతులు నలుగురున్న జట్టు చేతులెత్తేయడం, వారికంటే నెమ్మదైన నలుగురున్న జట్టు పతకం పట్టుకుపోవడం ఈ క్రీడాంశంలోనే ఇంత తరచుగా ఎందుకు జరుగుతోంది? దానికి జవాబు ఆ ఒక్క మాటలోనే ఉందని నా అభిప్రాయం.

ముందు లెక్క చూద్దాం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో నెస్టా కార్టర్, మైకేల్ ఫ్రేటర్, యోహాన్ బ్లేక్, ఉసేన్ బోల్ట్ కలిసి 4×100 మీటర్ల రిలేను 36.84 సెకన్లలో ముగించారు. పురుషుల ప్రపంచ రికార్డు అదే. నాలుగు వందల మీటర్లను ఆ సమయంతో భాగించండి: సెకనుకు దాదాపు 10.86 మీటర్లు వస్తుంది. ఇదే బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లలో పరిగెత్తిన వంద మీటర్ల పరుగు ఉంది కదా, మనిషి ఇంతవరకు పరిగెత్తిన వాటిలో అత్యంత వేగవంతమైనది, దాని సగటు సెకనుకు 10.44 మీటర్లే. అంటే ఏమైంది? ప్రపంచంలోకెల్లా వేగంగా పరిగెత్తిన మనిషి కంటే ఆ బ్యాటన్ ఎక్కువ వేగంతో ప్రయాణించింది. మనుషుల కంటే మనుషులు మోసే వస్తువు వేగంగా పోవడం ఎలా సాధ్యం?

సాధ్యమే, ఎందుకంటే వంద మీటర్ల పరుగులో అన్నిటికంటే ఎక్కువ సమయాన్ని మింగేసేది ఆరంభం. బ్లాకుల మీద నుంచి లేచి, నిశ్చల స్థితి నుంచి పూర్తి వేగం అందుకునేలోపు ఎంతటి పరుగువీరుడైనా కొంత సమయం పోగొట్టుకోక తప్పదు. రిలేలో ఆ నష్టం భరించేది మొదటి అంచెలో పరిగెత్తేవారు ఒక్కరే. మిగిలిన ముగ్గురూ బ్యాటన్ తమ చేతికి రాకముందే పరుగు అందుకుని ఉంటారు. వారు వేగం పుంజుకునే సమయమంతా వెనక నుంచి వస్తున్నవారి ఖాతాలో కలిసిపోతుంది. దానికి తోడు, ఇచ్చేవారి చెయ్యి ముందుకు, తీసుకునేవారి చెయ్యి వెనక్కి చాచి ఉంటాయి కనుక, ఆ మధ్యనున్న మీటరో మీటరున్నరో ఎవరూ పరిగెత్తకుండానే బ్యాటన్ దాటేస్తుంది. మూడు మార్పిడులున్నాయి కాబట్టి ఆ లాభం మూడుసార్లు దక్కుతుంది.

ఇప్పుడు రియో సంగతి చెబుతాను, ఇదంతా చేతిలో పెట్టినట్టు తెలుస్తుంది. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో జపాన్ జట్టు 37.60 సెకన్లతో రజతం గెలిచింది. యమగత, ఇజుక, కిర్యూ, కేంబ్రిడ్జ్, ఈ నలుగురిలో ఒక్కరు కూడా అప్పటికి వంద మీటర్లను పది సెకన్ల లోపు పరిగెత్తలేదు. వారి వ్యక్తిగత ఉత్తమ సమయాలు వరుసగా 10.05, 10.22, 10.01, 10.10. నాలుగూ కూడితే 40.38. జట్టుగా పరిగెత్తింది 37.60. అంటే మార్పిడుల వల్ల, పరుగులో ఉండగానే అందుకోవడం వల్ల మిగిలింది 2.78 సెకన్లు. అదే లెక్క లండన్ జమైకా జట్టుకు వేయండి. ఆనాటికి ఆ నలుగురి ఉత్తమ సమయాల మొత్తం 38.99. వారికి మిగిలింది 2.15 సెకన్లు. గమనించారా? ప్రపంచ రికార్డు నెలకొల్పిన జట్టు మార్పిడుల్లో సంపాదించింది, రెండో స్థానంలో నిలిచిన జట్టు సంపాదించిన దానికంటే తక్కువ. జమైకా తన కాళ్లతో గెలిచింది, జపాన్ తన చేతులతో గెలిచింది.

జపాన్ జట్టు చాలా ఏళ్లుగా బ్యాటన్‌ను కింది నుంచి పైకి అందించే పద్ధతిని పట్టుకుని ఉంది. చాలా దేశాలు పైనుంచి కిందికి పెట్టే పద్ధతినో, చాచిన అరచేతిలోకి సూటిగా తోసే పద్ధతినో పాటిస్తాయి. కింది నుంచి అందించేటప్పుడు ఇద్దరూ దగ్గరగా రావాలి, కనుక చేతులు చాచడం వల్ల దక్కే దూరం తగ్గుతుంది. కానీ అందుకునేవారి చెయ్యి నడుము దగ్గరే ఉంటుంది కాబట్టి పరుగు భంగిమ చెడదు, వేగం తగ్గదు. ఏది మేలు? దీని మీద కోచ్‌లు ఎడతెగకుండా వాదించుకుంటూనే ఉంటారు. నన్నడిగితే పద్ధతి ఏదన్నది రెండో ప్రశ్న, ఒకే పద్ధతిని ఒకే నలుగురు ఎన్నాళ్లు సాధన చేశారన్నది మొదటి ప్రశ్న.

మార్పిడి జోన్‌లో ఏం జరుగుతుంది

టీవీలో చూసేటప్పుడు మన కళ్లు పరిగెత్తే మనిషి వెంట పోతాయి. ఈసారి చూసినప్పుడు మార్పిడి జోన్‌లో, అంటే బ్యాటన్ చేతులు మారాల్సిన హద్దులో, నిలబడ్డవారిని చూడండి. 4×100లో ఒక్కో జోన్ 30 మీటర్లు. అక్కడికి ముందే వచ్చి, వారు పాదం వెంట పాదం పెట్టి కొలుచుకుంటూ వెనక్కి నడుస్తారు, ఫలానా అన్ని పాదాలు అని లెక్కపెట్టుకుని తమ లేన్‌లో ఒక టేపు ముక్క అంటిస్తారు. ఆ టేపుకీ కొలతలున్నాయి: 5 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు మించకూడదు, చుట్టుపక్కల లేన్ల రంగులతో కలిసిపోయి ఎవరినీ గందరగోళపెట్టకూడదు. తర్వాత జోన్ మొదట్లో ఒంగి నిలబడి, భుజం మీదుగానో కాళ్ల సందు నుంచో వెనక్కి చూస్తూ ఉంటారు. వచ్చేవారి ముఖాన్ని కాదు చూసేది, ఆ టేపునే. వచ్చేవారి పాదం టేపును తాకిన క్షణంలో లేచి పరుగందుకుంటారు, ఇక వెనుదిరిగి చూడరు.

ఆ తర్వాతిదంతా మూడు నాలుగు సెకన్ల వ్యవహారం. తగినంత దగ్గరయ్యామని తోచగానే వెనకనున్నవారు ఒక కేక వేస్తారు. ముందున్నవారి చెయ్యి వెనక్కి లేస్తుంది. బ్యాటన్ ఆ చేతిలో పడుతుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. 28 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, కనీసం 50 గ్రాముల బరువుండే ఒక బోలు గొట్టం, ఒకరు అలసిపోతూ ఒకరు వేగం పుంజుకుంటూ ఉన్న స్థితిలో, చూడకుండా చేతులు మారాలి. మొదటి, మూడో అంచెలవారు కుడిచేతిలో పట్టుకుంటారు, ఎందుకంటే వారు వంపులో లోపలి గీత వెంబడి పరిగెడతారు. రెండో, నాలుగో అంచెలవారు లేన్ వెలుపలి వైపు ఉండి ఎడమచేత్తో అందుకుంటారు. చేయి మార్చుకోవడమంటూ ఉండదు. చేతొడుగులు వేసుకోవడం, పట్టు కోసం చేతికి ఏదైనా రాసుకోవడం కూడా నిషిద్ధం.

ఇక నిబంధన. మార్పిడి జోన్ లోపల జరిగిందా లేదా అన్నది తేల్చేటప్పుడు నిర్ణేతలు చూసేది మనిషి పాదాలను కాదు, బ్యాటన్ ఎక్కడుందో మాత్రమే. కాళ్లు గీత దాటినా బ్యాటన్ గీతకు ఇవతల ఉంటే చెల్లుతుంది. బ్యాటన్ దాటిపోయాక చేతులు మారితే చెల్లదు, కాళ్లు ఎక్కడున్నా సరే. బ్యాటన్ కింద పడితే దాన్ని పడేసినవారే తీసుకోవాలి. అప్పుడు లేన్ వదిలి వెళ్లవచ్చు గానీ, ఎవరికీ అడ్డు రాకూడదు, దూరం తగ్గించుకోకూడదు. 4×400లో పడిన బ్యాటన్ తీసుకుని మళ్లీ పోటీలోకి వచ్చిన జట్లున్నాయి. 4×100లో పడిందంటే మాత్రం ఆ పూటకు అంతే.

వేగం ఉండీ ఓడినవారు

ఒలింపిక్స్‌లో తొలి రిలే 1908 లండన్‌లో జరిగింది. అది ఇప్పటి రూపంలో లేదు. ఇద్దరు చెరో 200, ఒకరు 400, ఒకరు 800 మీటర్లు పరిగెత్తారు. 4×100, 4×400 రెండూ 1912 స్టాక్‌హోమ్‌లో మొదలయ్యాయి, మొదలైన ఆ ఏడాదే ఈ క్రీడ తన స్వభావాన్ని బయటపెట్టుకుంది. 4×100 సెమీఫైనల్లో అమెరికా బ్యాటన్ మార్పిడిలో తప్పు చేసి అనర్హత పొందింది. ఫైనల్లో జర్మనీ అదే కారణంగా అనర్హత పొందింది. స్వర్ణం బ్రిటన్‌కు దక్కింది. వందేళ్లు దాటాయి, కథ పెద్దగా మారలేదు.

మహిళల 4×100 రిలే 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రవేశించింది, కెనడా గెలిచింది. ఇక 1936 బెర్లిన్‌కు వస్తే, అక్కడ ఒకే ఒలింపిక్స్‌లో రెండు విషయాలు జరిగాయి, రెండూ చెప్పుకోవలసినవే. జర్మనీ మహిళల జట్టు హీట్స్‌లో, అంటే తొలి దశ పోటీల్లో, 46.4 సెకన్లతో ప్రపంచ రికార్డు సృష్టించింది. ఫైనల్లో చివరి మార్పిడి వరకు వారిదే స్పష్టమైన ఆధిక్యం. మరీ డోలింగర్ నుంచి ఇల్సె డోర్ఫెల్ట్‌కు బ్యాటన్ చేరింది. చేరిందనే అనుకున్నారు. జారి కింద పడింది. అమెరికా 46.9తో స్వర్ణం తీసుకుంది. హీట్స్‌లో జర్మనీ పెట్టిన ఆ రికార్డు మాత్రం 1952 దాకా నిలిచింది. పదహారేళ్లు ఎవరూ అందుకోలేని వేగం ఉన్న జట్టు, ఆ వేగంతోనే పతకం లేకుండా వెళ్లిపోయింది.

రెండోది పురుషుల జట్టు సంగతి. అమెరికా 4×100 జట్టులో మార్టీ గ్లిక్‌మన్, సామ్ స్టోలర్ పరిగెత్తాల్సి ఉంది. హీట్స్ జరిగే ఉదయాన వారిద్దరినీ తప్పించి జెస్సీ ఓవెన్స్, రాల్ఫ్ మెట్‌కాఫ్‌లను చేర్చారు. అమెరికా అథ్లెటిక్స్ జట్టులో ఉన్న యూదులు ఆ ఇద్దరే. జట్టు 39.8 సెకన్లతో ప్రపంచ రికార్డుతో గెలిచింది, రెండో స్థానంలోని ఇటలీ సెకనుకు పైగా వెనకబడింది. అంత తేడాతో గెలిచే జట్టుకు ఆ మార్పు అవసరమా? గ్లిక్‌మన్ తర్వాత జీవితాంతం ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. రిలేలో జట్టు కూర్పు అనేది పూర్తిగా కోచ్‌ల చేతిలో ఉండే అధికారం. వ్యక్తిగత పోటీలో అర్హత సాధించినవారిని తప్పించడం అరుదు, రిలేలో సులువుగా తప్పించగలరు. ఇది మనం మరిచిపోకూడని విషయం.

తర్వాత అమెరికా పురుషుల జట్టు చరిత్ర చూడండి. 1960 రోమ్‌లో గీత ముందుగా దాటారు, కానీ రే నార్టన్ తొందరపడి ముందే బయల్దేరడంతో మార్పిడి జోన్ వెలుపల జరిగిందని అనర్హులయ్యారు, స్వర్ణం జర్మనీకి పోయింది. 1988 సియోల్‌లో హీట్స్‌లోనే, కాల్విన్ స్మిత్ నుంచి లీ మెక్‌నీల్‌కు బ్యాటన్ జోన్ దాటాక చేరింది. ఫైనల్‌కు దాచుకున్న కార్ల్ లూయిస్‌కు పరిగెత్తే అవకాశమే రాలేదు. 2008 బీజింగ్‌లో పురుషులూ, మహిళలూ ఒకే సాయంత్రం హీట్స్‌లో చివరి మార్పిడి దగ్గరే బ్యాటన్ పడేసుకున్నారు. 2016 రియోలో జస్టిన్ గాట్లిన్ చేతికి బ్యాటన్ జోన్ మొదలుకాకముందే తగిలిందని తేలింది. అప్పట్లో జోన్ 20 మీటర్లు, దానికి ముందు వేగం పుంజుకోవడానికి మాత్రమే మరో 10 మీటర్లు ఉండేవి. మరుసటి ఏడాది ఆ రెండింటినీ కలిపి 30 మీటర్ల జోన్‌గా మార్చారు. కొత్త నిబంధన ముందే ఉండి ఉంటే ఆ మార్పిడి చెల్లేది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో హీట్స్ దాటలేదు. 2024 పారిస్ ఫైనల్లో క్రిస్టియన్ కోల్‌మన్, కెన్నీ బెడ్నరెక్‌ల మధ్య తొలి మార్పిడే చెడి మళ్లీ అనర్హత. ఒలింపిక్స్‌లో 2000 సిడ్నీ తర్వాత అమెరికా పురుషులకు 4×100 స్వర్ణం రాలేదు. వంద మీటర్ల విజేతలను పుట్టించే దేశం సంగతి ఇది!

దీన్ని దురదృష్టం అనేవారున్నారు. నేను ఒప్పుకోను. ఇన్నిసార్లు వచ్చేది దురదృష్టం కాదు, అది ఏర్పాటులోని లోపం. అమెరికాలో పోటీలకు కొద్ది వారాల ముందు ట్రయల్స్‌లో జట్టు తేలుతుంది, వేగంలో ముందున్నవారు చోటు దక్కించుకుంటారు. ఆ వేగవంతులంతా వేర్వేరు కోచ్‌ల దగ్గర, వేర్వేరు నగరాల్లో సాధన చేస్తారు, ఏడాది పొడవునా ఒకరికొకరు ప్రత్యర్థులు. హీట్స్‌లో ఒక నలుగురు, ఫైనల్లో ఇంకో నలుగురు. ఎవరి టేపు ఎవరికి ఎన్ని పాదాల దూరంలో ఉండాలో తేలాలంటే, ఫలానా మనిషి అలసిపోయినప్పుడు చివరి పది మీటర్లలో ఎంత నెమ్మదిస్తాడో తెలియాలి. అది కాగితం మీది సమయాలు చూసి తెలిసేది కాదు.

అలాగని జపాన్‌కు ఏ ప్రమాదమూ లేదనుకోకండి. టోక్యోలో సొంత ప్రేక్షకులు లేని సొంత స్టేడియంలో, ఫైనల్లో వారి తొలి మార్పిడే జరగలేదు. తొలి అంచెలోని తద చేతి నుంచి యమగతకు బ్యాటన్ అందనే లేదు. ఒక్క అడుగు ముందు బయల్దేరితే దొరికే లాభం, అందకుండా పోయే నష్టం, ఈ రెండింటి మధ్య దూరం అరచేతి వెడల్పు. స్వర్ణం కోసం తెగించిన జట్టుకు ఆ అరచేయి అందలేదు. ఆ రోజు ఇటలీ 37.50తో, బ్రిటన్ 37.51తో ముగించాయి. సెకనులో నూరో వంతు తేడా! దానికి తర్వాత ఏమైందో కాసేపట్లో చెబుతాను.

ఇప్పటిదాకా నేను చెప్పింది 4×100 గురించి. 4×400 దీనికి చెల్లెలు అనుకుంటే పొరపాటు, అది వేరే ఆట. అందులో మార్పిడి చూసి చేస్తారు, ఎందుకంటే వచ్చేవారు నాలుగు వందల మీటర్లు పరిగెత్తి కాళ్లు తేలిపోయి వస్తుంటారు, వారి వేగాన్ని ముందుగా అంచనా వేయలేం. మొదటి అంచె మొత్తం, రెండో అంచెలో తొలి వంపు సొంత లేన్లలో పరిగెత్తి, ఆ తర్వాత అందరూ లోపలి లేన్ కోసం దిగుతారు. మూడు, నాలుగు అంచెలవారు ఏ వరుసలో నిలబడాలో వారి సహచరులు 200 మీటర్ల దగ్గర ఏ స్థానంలో ఉన్నారన్న దాన్నిబట్టి అధికారులు నిర్ణయిస్తారు. ఆ వరుస తర్వాత మారదు. వచ్చేవారు చివరి వంద మీటర్లలో ఇద్దరిని దాటి వచ్చినా, అందుకునేవారు తమ మొదటి చోటే నిలబడి ఉంటారు. అక్కడే తోపులాట, అక్కడే కాళ్లు తగిలి పడిపోవడాలు. ఇందులో మార్పిడుల వల్ల మిగిలే సమయం కొద్దిదే. ఎవరిని ఏ అంచెలో పెట్టాం, ఆధిక్యం ఎప్పుడు తీసుకున్నాం, గాలిని ఎవరు చీల్చుకుంటూ పోతున్నారు, ఎవరు వెనక దాగి ఓపిక దాచుకుంటున్నారు, ఇవే లెక్కలోకి వస్తాయి.

దీనికి నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ 1952 హెల్సింకి. నాలుగేళ్ల ముందు లండన్‌లో జమైకా ఫైనల్ చేరింది గానీ, ఆర్థర్ వింట్ కండరం పట్టేసి పరుగు మధ్యలోనే ఆగిపోయాడు. మళ్లీ అదే వింట్, లెస్లీ లైంగ్, హెర్బ్ మెకిన్లీ, జార్జ్ రోడెన్ హెల్సింకికి వచ్చారు. వింట్ 46.8, లైంగ్ 47.0 పరిగెత్తారు. మెకిన్లీ బ్యాటన్ అందుకునేసరికి అమెరికా పది మీటర్లకు పైగా ముందుంది. ఎదురుగా ఉన్నది అదే ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచిన చార్లీ మూర్. మెకిన్లీ 44.6 సెకన్లలో ఆ చుట్టు చుట్టేశాడు. ఆ రోజుల్లో అది నమ్మశక్యం కాని సమయం. రోడెన్ చేతికి బ్యాటన్ ఇచ్చేటప్పటికి జమైకా ఒక అడుగు ముందుంది. రోడెన్ 45.5తో ఆ అడుగును చివరిదాకా కాపాడుకున్నాడు. మొత్తం 3 నిమిషాల 3.9 సెకన్లు, ప్రపంచ రికార్డు, అమెరికా 3:04.0. సెకనులో పదో వంతు. మెకిన్లీ ఆ ఒలింపిక్స్‌లో 100 మీటర్లలోనూ, 400 మీటర్లలోనూ రెండో స్థానమే పొందాడు. అతనికి దక్కిన ఒకే ఒక్క ఒలింపిక్ స్వర్ణం ఇదే.

పురుషుల 4×400 ప్రపంచ రికార్డు అమెరికాది: 1993 స్టుట్‌గార్ట్‌లో 2:54.29, చివరి అంచె మైకేల్ జాన్సన్. మహిళలది సోవియట్ యూనియన్ 1988 సియోల్‌లో పెట్టిన 3:15.17. ఆ దేశమే లేకుండా పోయింది, రికార్డు మాత్రం ఉంది. పారిస్‌లో అమెరికా మహిళలు 3:15.27 దాకా వచ్చి, పదో వంతు దూరంలో ఆగారు. పురుషుల ఫైనల్లో బోట్స్వానా కూడా అమెరికాకు పదో వంతు తేడాలోనే నిలిచింది: 2:54.43, 2:54.53. ఒక ఆఫ్రికా దేశం ఇంత దగ్గరికి రావడం అకస్మాత్తుగా జరగలేదు. 2025లో టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, జోరువానలో, బోట్స్వానా ఆ స్వర్ణాన్ని గెలిచే చూపించింది.

మన దేశం మాట ఎత్తకపోతే మీరు ఊరుకోరు కదా. 2023 బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ హీట్స్‌లో మహమ్మద్ అనస్, అమోజ్ జాకబ్, మహమ్మద్ అజ్మల్, రాజేశ్ రమేశ్ 2:59.05 పరిగెత్తి, అమెరికా వెనకే రెండో స్థానంలో గీత దాటారు. అది అప్పటికి ఆసియా రికార్డు. ఫైనల్లో అయిదో స్థానం. మరుసటి ఏడాది మే నెలలో నసావులో ప్రపంచ రిలేల తొలిరోజున రాజేశ్ రమేశ్‌కు కండరం పట్టేసి జట్టు పరుగు పూర్తిచేయలేకపోయింది. రెండో రోజు ఆరోకియ రాజీవ్‌ను చేర్చుకుని పరిగెత్తి పారిస్ బెర్తు తెచ్చుకున్నారు. రూపల్ చౌదరి, పూవమ్మ, జ్యోతిక శ్రీ, శుభ వెంకటేశన్‌ల మహిళల జట్టుకు కూడా ఆ రోజే బెర్తు దక్కింది. జట్టుకు అయిదో మనిషి ఎందుకు కావాలో, ఆ మనిషి కూడా ఎందుకు సిద్ధంగా ఉండాలో ఆ రెండు రోజులు చాలు చెప్పడానికి.

ఈ ప్రపంచ రిలేలు 2014లో బహామాస్ రాజధాని నసావులో మొదలయ్యాయి. మొదటి మూడు పోటీలూ అక్కడే. తర్వాత యోకొహామా, పోలండ్‌లోని హోజూవ్, మళ్లీ నసావు, గ్వాంగ్‌జౌ. 2026 పోటీలను బోట్స్వానా రాజధాని గాబరోన్‌కు కేటాయించారు. రిలేల కోసమే ఒక ప్రపంచ పోటీ పెట్టడం వల్ల మామూలుగా కనబడని దూరాలకు కూడా చోటు దొరికింది: 4×200, 4×800, 4×1500. తొలి పోటీలోనే జమైకా 4×200లో 1:18.63తో, కెన్యా పురుషులు 4×1500లో 14:22.22తో ప్రపంచ రికార్డులు నెలకొల్పారు. పారిస్ ఒలింపిక్స్‌లో ఒక్కో రిలేకు పదహారు జట్లుంటే, అందులో పద్నాలుగు నసావు నుంచే అర్హత పొందాయి. ఇది చిన్న మార్పు కాదు. ఒకప్పుడు సమయాల జాబితాతోనే అర్హత తేలేది కనుక, మంచి ట్రాకు, మంచి వాతావరణం వెతుక్కుని ఒక్కసారి బాగా పరిగెత్తితే సరిపోయేది. ఇప్పుడు మిగతా దేశాల పక్కన నిలబడి, పక్క లేన్‌లో కేకల మధ్య మార్పిడి చేయగలగాలి.

ఇందాక టోక్యోలో బ్రిటన్ విషయం మధ్యలో ఆపాను. ఆ జట్టులో ఒకరు డోపింగ్ పరీక్షలో దొరకడంతో నలుగురి రజతాలూ పోయాయి. బీజింగ్‌లో జమైకా 4×100 స్వర్ణం కూడా అలాగే పోయింది. నెస్టా కార్టర్ నమూనాను ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి నిషిద్ధ పదార్థం ఉందని తేల్చారు, 2017లో స్వర్ణం వెనక్కి తీసుకున్నారు, తర్వాత అది ట్రినిడాడ్ అండ్ టొబాగోకు బదిలీ అయింది, బోల్ట్ తొమ్మిది ఒలింపిక్ స్వర్ణాలు ఎనిమిదయ్యాయి. ఇది న్యాయమేనా అని చాలామంది అడుగుతారు. ఒకరి తప్పుకు ముగ్గురికి శిక్షా? కఠినమే, కాదనను. కానీ ఆ పదార్థం తీసుకున్నవారి చేతి మీదుగానే బ్యాటన్ మిగిలినవారికి చేరింది కదా. అతను సంపాదించిన ఆధిక్యంతోనే తర్వాతివారు మొదలుపెట్టారు. దాన్ని వేరుచేసి లెక్కగట్టే మార్గం లేదు.

నన్ను బాధపెట్టేది శిక్ష కాదు, ఆలస్యం. 2000 సిడ్నీలో అమెరికా 4×400 స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోని ఆంటోనియో పెటిగ్రూ నిషిద్ధ మందులు వాడానని 2008లో ఒప్పుకున్నాడు. మైకేల్ జాన్సన్ తన పతకాన్ని తనంతట తానే తిరిగి ఇచ్చేశాడు. ఆ స్వర్ణం నైజీరియాకు అధికారికంగా దక్కింది 2012 జులైలో. ఆ నైజీరియా జట్టులో పరిగెత్తిన సండే బడా అంతకు ఏడు నెలల ముందే, 2011 డిసెంబరులో కన్నుమూశాడు.

చివరగా మిశ్రమ రిలేలు. ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు కలిసి పరిగెత్తే 4×400 ఒలింపిక్స్‌లోకి టోక్యోతో వచ్చింది, పోలండ్ గెలిచింది. మొదట్లో ఎవరు ఏ అంచెలో పరిగెత్తాలన్నది జట్టు ఇష్టం. 2019 దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పోలండ్ ఇద్దరు పురుషులనూ ముందు పెట్టింది. చాలా దూరం ఆధిక్యంలో పోయి, చివర్లో ఇతర జట్ల పురుషులు వెంటపడి దాటేస్తుంటే స్టేడియం అంతా లేచి నిలబడింది. తర్వాత నిబంధన మార్చి పురుషుడు, స్త్రీ, పురుషుడు, స్త్రీ అన్న వరుసను ఖాయం చేశారు. పోటీ చక్కబడింది, ఎత్తుగడ పోయింది. నా మటుకు నాకు పాత పద్ధతే ఇష్టం.

అయినా చూడదగ్గ పరుగులకు కొదవ లేదు. బుడాపెస్ట్‌లో నెదర్లాండ్స్‌కు చెందిన ఫెమ్కె బోల్ మిశ్రమ రిలే చివరి అంచెలో ముందుండి, గీతకు కొన్ని మీటర్ల దూరంలో అమెరికా అమ్మాయి పక్కకు రాగానే తూలి పడిపోయింది. బ్యాటన్ చెయ్యి జారిపోయింది. లేచి వెళ్లి గీత దాటింది, కానీ చేతిలో బ్యాటన్ లేకుండా దాటిన గీతకు విలువ లేదు. అదే ఛాంపియన్‌షిప్ చివరిరోజున మహిళల 4×400లో ఆమె మూడో స్థానంలో బ్యాటన్ అందుకుని, ఆఖరి మీటర్లలో బ్రిటన్‌నీ జమైకానీ దాటి స్వర్ణం తెచ్చింది. ఏడాది తర్వాత పారిస్‌లో మిశ్రమ రిలే ఫైనల్లో మళ్లీ చివరి అంచె ఆమెదే. వెనక నుంచి వచ్చి గెలిచింది.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మిశ్రమ 4×100 కూడా ఉంటుంది. గ్వాంగ్‌జౌలో 2025లో దాన్ని పరిగెత్తించి చూశారు, కెనడా గెలిచింది. ఇందులో కోచ్‌లకు కొత్త చిక్కు ఉంది. వరుస ఎలా పెట్టినా, ఎక్కడో ఒకచోట స్త్రీ, పురుషుల మధ్య మార్పిడి తప్పదు. స్త్రీ నుంచి పురుషుడు అందుకునేటప్పుడు అతను ఎప్పటిలాగే బయల్దేరితే ఆమెకు అందడు, జోన్ అయిపోతుంది. కనుక టేపు దగ్గరికి జరపాలి, అంటే ఆమె బాగా సమీపించేదాకా అతను కదలకూడదు. పురుషుడి నుంచి స్త్రీ అందుకునేటప్పుడు దీనికి తలకిందులు: టేపు దూరం జరపాలి, ఆమె ఎంతో ముందుగా బయల్దేరాలి, లేకపోతే అతను వచ్చి ఆమె వీపును గుద్దుకుంటాడు. ఎన్ని పాదాలు జరపాలి? ఆ లెక్క ఇంకా ఎవరికీ స్థిరపడలేదు. వేగవంతులున్న పెద్ద దేశాలూ, సాధన మీద ఆధారపడే చిన్న దేశాలూ ఈ ఒక్కదానిలో ఒకే గీత దగ్గర నిలబడి మొదలుపెడుతున్నాయి. లాస్ ఏంజెలెస్‌లో పతకం ఎవరిదని నన్ను అడిగితే, ఇప్పటినుంచే నలుగురినీ ఒకచోట చేర్చి టేపు జరుపుకుంటూ కూర్చున్న జట్టు పేరు చెబుతాను. ఇక మీ ప్రశ్నలు అడగండి.